కొమ్ము ఊడిన ముందు

ఒరేయ్ మేనల్లుడూ, ఆగాగు. ఆ దగ్గుమందు సీసా మూత తిప్పేస్తున్నావు గానీ, దాని మీద అంటించిన కాగితం చదివావా? చదవలేదు. రంగు బాగుందని గుటుక్కున మింగేద్దామనుకున్నావు. అదే ఫోనులో అయితే ఎవరింటి పిల్లికో పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతున్నా అక్షరం వదలకుండా చదువుతావు, పైగా దండం బొమ్మ కూడా పెడతావు. ఆ సీసా ఇలా ఇచ్చి కూర్చో. నీ దగ్గు ఎక్కడికీ పారిపోదులే. కోతి బాబాయి సంగతి చెబుతాను, విని అప్పుడు తాగు.

కోతి బాబాయి వాళ్ళ వీధిలో చిన్నాపెద్దా అందరికీ బాబాయే. ముందున్న కోతి మాత్రం ఆయన సొంతంగా సంపాదించుకున్న బిరుదు. చదువు పెద్దగా అబ్బలేదు. అన్నయ్య లారీ తోలుకుంటూ ఎప్పుడూ రోడ్ల మీదే ఉంటాడు. వదిన మందుల షాపు నడుపుతుంది. ఆ షాపులో బాబాయి పని అట్టపెట్టెలు మొయ్యడం, సీసాలకి లేబుళ్ళు అంటించడం, ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చినవాళ్ళ ప్రాణం తియ్యడం. షాపు గుమ్మం పక్కన బరువు చూసుకునే మిషను ఉండేది. ఎవరైనా దాని మీదెక్కి ముల్లు వంక చూస్తుంటే బాబాయి వెనకనుంచి పిల్లిలా వచ్చి కాలి బొటనవేలు ఆనించేవాడు. ఆ మనిషి ముఖం వేలాడేసుకుని ఇంటికెళ్ళి ఆ పూట తిండి మానేసేవాడు.

ఇక అసలు సంగతి లేబుళ్ళ మిషను. కౌంటరు మీద, వదిన కుర్చీ పక్కన, బ్రెడ్డు డబ్బా అంత ఉండేది. ఏ మందు, ఎంత, ఎప్పుడు వేసుకోవాలి అన్నది వదిన కంప్యూటర్లో కొట్టేది. మిషను చిన్న శబ్దం చేసి స్టిక్కరు బయటికి తోసేది. దానికి సిరా అక్కర్లేదు. లోపల హెడ్డు అని ఒక పట్టీ ఉంటుంది, దాని మీద దువ్వెన పళ్ళలా సన్నటి చుక్కలు వరసగా ఉంటాయి. ఆ చుక్కలు వేడెక్కి కాగితానికి తగిలిన చోటల్లా నల్లబడుతుంది. ఎక్కడైనా చుక్కకి మురికి పట్టిందో, అక్కడ కాగితం తెల్లగానే ఉండిపోతుంది. లేబులు పొడవునా దారం వేసి లాగినట్టు ఒక తెల్లగీత.

ఒకరోజు డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఉద్యోగం దిగిపోయారు గానీ గొంతు మాత్రం దిగలేదు. ఆయన మామూలుగా పలకరించినా పక్క వీధిలో పిల్లలు వరసలో నిలబడతారు. చేతిలో మాత్రల డబ్బా పైకెత్తి పట్టుకున్నారు.

"అమ్మా, పెళ్ళైన నాటినుంచీ మా ఆవిడ వద్దంటున్నదాన్ని మీరు అచ్చు కొట్టి మరీ ఇచ్చారు. చదవమంటారా? భోజనానికి మందు. ఏ రకం మందో కూడా రాసుంటే దారిలోనే కొనుక్కుని వెళ్ళేవాణ్ణి."

షాపంతా గొల్లుమంది. 'భోజనానికి ముందు' అని రావలసిన చోట 'ము'కి ఉన్న కొమ్ము సరిగ్గా తెల్లగీతలో పడి మాయమైంది. కొమ్ము ఊడేసరికి ముందు కాస్తా మందైంది. అందరి చూపులూ ఒక్కసారి బాబాయి మీదకి తిరిగాయి. ఇలాంటిది ఇంకెవరు చేస్తారు?

నిజానికి బాబాయికి ఆ సంగతి అప్పుడే తెలిసింది. మాస్టారెంత ఆశ్చర్యపోయారో ఆయనా అంతే ఆశ్చర్యపోయాడు. కానీ ఆ నవ్వు విన్నాక నోరు ఊరింది. ఇన్నేళ్ళలో తన ఏ ఆటకీ షాపంతా అలా నవ్వలేదు. ఔననలేదు, కాదనలేదు. పెళ్ళిచూపుల్లో కూర్చున్నవాడిలా తల వంచుకుని మెడ గోక్కున్నాడు. అంతే, ఆ ఘనత అందరూ ఆయన పేరున రాసేశారు.

వదిన మాత్రం కళ్ళజోడు పైనుంచి మరిది వంక కాసేపు చూసింది. మాస్టారి డబ్బా తీసుకుని, పెన్నుతో కొమ్ము పెట్టి ఇచ్చింది. అప్పట్నుంచి షాపులోంచి బయటికి వెళ్ళే ప్రతి సీసాకీ, ప్రతి డబ్బాకీ అలాగే పెన్నుతో కొమ్ము తగిలించి పంపేది.

బాబాయి పేరు వీధి దాటిపోయింది. క్షౌరశాల అతను పని గట్టుకుని వచ్చి, తలనొప్పి లేకపోయినా తలనొప్పి మాత్ర కొని, లేబులు చదివి భుజం తట్టి వెళ్ళాడు. పాలబ్బాయి సైకిలు దిగి మరీ నమస్కారం పెట్టాడు. ఎలా చేశావు బాబాయ్ అని అడిగినవాళ్ళకి మొదట్లో అది రహస్యం అనేవాడు. తర్వాత తర్వాత, అక్షరాలకి ఎక్కడ నొక్కితే ఎక్కడ ఊడుతుందో తనకి తెలుసనీ, కావాలంటే ఎవరి పేరులో ఏ కొమ్మైనా పీకగలననీ చెప్పడం మొదలుపెట్టాడు. పక్క సందులో కుట్టుమిషను పెట్టుకున్న టైలరమ్మకైతే, కంప్యూటర్లోకి ఎలా దూరాడో అరగంటసేపు వర్ణించాడు. ఆ కంప్యూటరు ఎక్కడ నొక్కితే వెలుగుతుందో ఆయనకి తెలీదన్న సంగతి టైలరమ్మకి తెలీదు.

కొన్నాళ్ళు పోయాక వదిన పిలిచింది.

"ఏమయ్యా మరిదీ, నవ్విందీ నవ్వించిందీ చాలు. నా పెన్ను అరిగిపోతోంది. చేసినవాడివి నువ్వేగా, బాగుచేసేదీ నువ్వే."

బాబాయికి మొదటిసారి చెమట పట్టింది. చెయ్యని పనిని సరిచెయ్యడం ఎలాగో ఎవరినడగాలి? వదినా, అది నేను కాదు అని ఒక్క ముక్క అనేస్తే అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడే ఎవరో గుమ్మంలోంచి మందు బాబాయ్ అని కేకేశారు. ఆ ముక్క వెనక్కి వెళ్ళిపోయింది. రేపటికల్లా చేసేస్తానులే వదినా అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన భోజనానికి ఇంటికెళ్ళగానే మిషను ముందు కూర్చున్నాడు. దాని మీదున్న బొత్తాం నొక్కితే ఆఖరున కొట్టిన లేబులే మళ్ళీ వస్తుంది, ఆ మాత్రం ఆయనకి తెలుసు. ముందు నలుపు తక్కువైందనుకుని వేడి మీట పూర్తిగా పైకి తిప్పాడు. అక్షరాలు కాటుక కారినట్టు అలుక్కుపోయి, సున్నలన్నీ పూడుకుపోయి గుండ్రాళ్ళయ్యాయి. తెల్లగీత మాత్రం చెక్కు చెదరలేదు. భయపడి పూర్తిగా కిందికి తిప్పాడు. ఈసారి అక్షరాలు చీమ నడిచిన జాడల్లా వచ్చాయి. ఆ జాడల్లోనూ గీత ఉంది. మీటని మధ్యలో పెట్టేసి, తప్పు కాగితానిదేమో అని రోలు బయటికి తీసి మళ్ళీ ఎక్కించాడు. తిరగేసి ఎక్కించాడు. ఆ కాగితానికి ఒక పక్కే నల్లబడే పూత ఉంటుంది. రెండో పక్క హెడ్డుకి తగిలేసరికి లేబుళ్ళు తెల్లగా, అమాయకంగా, ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చి ఆయన ఒళ్ళో పడ్డాయి. మళ్ళీ సరిగ్గా ఎక్కించే హడావుడిలో రెండు స్టిక్కర్లు రోలరుకి చుట్టుకున్నాయి. వాటిని గోళ్ళతో పీకుతుంటే కనబడింది. పైనున్న హెడ్డు మీద, పట్టీకి అడ్డంగా, ఎండిన జిగురు మరక ఒకటి. మినపగింజలో సగం ఉంటుంది.

బాబాయి ప్రాణం లేచొచ్చింది. దొంగ దొరికాడు. కాస్త దూదికి స్పిరిటు తడిపి నెమ్మదిగా తుడిస్తే వచ్చేసే మరక అది. మందుల షాపులో దూదికీ స్పిరిటుకీ కరువా? చుట్టూ అవే. కానీ బాబాయి చేతికి అందింది అట్టపెట్టెలు కోసే కత్తి. దాని మొనతో ఆ మరకని గీకాడు. జిగురు పెచ్చులా లేచొచ్చింది. చెయ్యి కాస్త జారి కత్తి ఇంకొంచెం ఎడమకి పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాడు.

మూత వేసి లేబులు తీశాడు. భోజనానికి ముందు. కొమ్ము తళతళలాడుతూ నిలబడి ఉంది.

వదిన రాగానే ఆ లేబులు ఆవిడ కళ్ళముందు పెట్టాడు. వదిన కొమ్ము చూసింది, మరిది ముఖం చూసింది, పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఫరవాలేదే, పనిమంతుడివే అంది. ఆ పూట పెన్ను మూత పెట్టి సొరుగులో పడేసింది. సాయంత్రం టైలరమ్మ వచ్చి, కూతురికి జలుబు చేసి ఊపిరాడక నిద్ర పోవట్లేదని డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించింది. వదిన లేబులు కొట్టింది, బాబాయి సీసాకి అంటించాడు, వదిన ఒకసారి చూసి ఇచ్చేసింది. తర్వాత వెళ్ళాల్సిన ఇంకో రెండు సీసాలకి కూడా లేబుళ్ళు కొట్టి బాబాయి ముందు పడేసి, సరుకు తేవడానికి పెద్ద బజారుకి వెళ్ళింది.

బాబాయి ఈల వేసుకుంటూ మొదటి లేబులు ఊడదీశాడు. ఇంకో పిల్లాడి మందు. రోజుకి రెండుసార్లు, 7 5 మి.లీ. అని ఉంది. డెబ్బై ఐదా? సీసాలో ఉన్నదే అరవై. ఇంత మందు పిల్లాడికి ఎలా తాగిస్తారని నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. లేబుల్ని దీపం కిందికి తెచ్చాడు. ఏడుకీ అయిదుకీ మధ్య వెంట్రుకంత తెల్లటి గీత, పైనుంచి కిందిదాకా. అక్కడ ఒక చుక్క ఉండాలి. ఏడున్నర అనడానికి పెట్టే చుక్క. కొమ్ము తిరిగొచ్చింది గానీ, కత్తి జారిన చోట చుక్క పోయింది.

టైలరమ్మ సీసా మీద ఏముందో గుర్తు చేసుకోబోయాడు. తనే కదా అంటించింది. వంకర పోకుండా బొటనవేలితో రుద్ది మరీ అంటించాడు. 2 5. రెండున్నర ఉండాల్సినది పాతికైంది.

ఫోను చేశాడు. టైలరమ్మా, ఆ మందు పొయ్యకు, లేబులు తప్పు అన్నాడు. అవతలనుంచి నవ్వు వినిపించింది. పిల్ల ఏడుస్తోంది బాబాయ్, ఇప్పుడు నీతో ఆడుకునే తీరిక లేదు అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. షట్టరు సగం దించి పరుగెత్తాడు. దారిలో క్షౌరశాల అతను, ఎవరి కొమ్ము పీకడానికి బాబాయ్ అంత తొందర అని అరిచాడు. ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

టైలరమ్మ గదిలో నేలంతా గుడ్డపేలికలు. పిల్ల ఆమె ఒళ్ళో పెదవులు బిగించుకుని కూర్చుంది. గౌను మీద ఉమ్మేసిన మందు మరక ఎర్రగా ఉంది. సీసా మూతతో కొలిచి కొలిచి నింపిన గాజుగ్లాసు టైలరమ్మ చేతిలో ఉంది. బాబాయి గుమ్మం పట్టుకుని రొప్పుతూ చెప్పాడు. ఆమె తల కూడా ఎత్తలేదు.

"మొన్న ముందుని మందు చేశావు. ఇవాళ మందుని విషం చేస్తావా? పో బాబాయ్, దీని నోరు తెరిపించడమే నాకు గగనంగా ఉంది."

"అది నేను చెయ్యలేదమ్మా. మిషను పాడైంది. నేను ఊరికే ఒప్పుకున్నాను."

"అరగంటసేపు ఎలా చేశావో చెప్పావుగా. ఇప్పుడు చెయ్యలేదంటావా? లేబులు మీ వదినది. మీ వదిన అచ్చు కొట్టిందంటే నేను కళ్ళు మూసుకుని పోస్తాను. నీ మాట మీద ఆపుతానా?"

ఆ మాటలో ఎగతాళి లేదు. అదే బాబాయిని కాల్చింది. ఒట్టు వేద్దామనుకున్నాడు. తన ఒట్లన్నీ ఇలాంటి చోట్లే అరిగిపోయాయని తెలుసు. ఏడుద్దామన్నా, దొంగ ఏడుపు ఏడవడంలో ఈ వీధికే మొనగాడు తను. మనిషికి నమ్మించుకోవడానికి ఒక్క ముఖమైనా మిగలాలి కదా, ఆయనకి ఒక్కటీ మిగల్లేదు.

టైలరమ్మ పిల్ల ముక్కు మూసి గ్లాసు పెదవులకి ఆనించింది. పిల్ల ఊపిరి కోసం నోరు తెరిచింది. బాబాయి ఒక్క ఉదుటున వచ్చి గ్లాసు లాక్కుని, ఉన్నదంతా తను తాగేశాడు.

టైలరమ్మ ఖాళీ గ్లాసు లాక్కుంది. తర్వాత తిట్టింది. బాగా తిట్టింది. బాబాయి నిలబడి పడ్డాడు. తిట్లు అయ్యాక సీసా తీసి దీపానికి అడ్డంగా పట్టి, వేలితో చూపించాడు. రెండు, ఖాళీ, అయిదు. టైలరమ్మ సీసా వంక చూసింది, పిల్ల వంక చూసింది. పిల్లని గట్టిగా గుండెకి హత్తుకుంది. ఆమె తిట్టడం ఆపేసరికి బాబాయికి నిలబడటం ఇంకా కష్టమైంది. తిడుతూ ఉంటే బావుండేది.

షాపుకి వచ్చేసరికి వదిన సరుకుతో తిరిగొచ్చి, సగం దించిన షట్టరు కింద నిలబడి ఉంది. బాబాయి అంతా చెప్పాడు. తల ఎత్తకుండా, నేల మీద గళ్ళు చూస్తూ చెప్పాడు. కొమ్ము పీకింది తను కాదని, ఒప్పుకున్నానని, కత్తితో గీకానని, చుక్క పోయిందని, టైలరమ్మ పిల్ల నోటిదాకా వెళ్ళిందని. వదిన మిషను తీగ గోడలోంచి పీకేసింది. మధ్యాహ్నం నుంచి మందులు తీసుకెళ్ళినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. మిగతావాటిలో చుక్క ఉన్న కొలత ఏదీ లేదు, మాత్రలే. టైలరమ్మకి చివర చేసి చాలాసేపు మాట్లాడింది, ఎక్కువసేపు వింది. పిల్ల లోపలికి వెళ్ళింది ఏమీ లేదు, గౌను మీద పడిందే. అది నిర్ధారణ అయ్యాక కుర్చీలో కూలబడింది.

బాబాయికి ఈలోగా ఆ జలుబు మందు మత్తు కమ్మింది. వెళ్ళి లోపలి గదిలో అట్టపెట్టెల మీద పడుకో, డాక్టరుని అడిగాను, నీకేం కాదు, నిద్ర వస్తుందంతే అంది వదిన. వెళ్ళి పడుకున్నాడు. కళ్ళు మూసుకుంటే పిల్ల తెరిచిన నోరే కనబడుతోంది. నిద్ర ఎక్కడొస్తుంది?

కాసేపటికి వదిన వచ్చి అట్టపెట్టెల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మరిది ముఖం మీదకి వంగి చూసింది. బాబాయి ఎందుకో ఆవిడ కళ్ళలోకి చూడలేకపోయాడు. కళ్ళు అలాగే మూసి ఉంచాడు. సన్నగా గురక కూడా పెట్టాడు. నిద్రపోయాడు పాపం అనుకుంది ఆవిడ. అప్పుడు నోరు విప్పింది.

"నువ్వు చెయ్యలేదని నాకు మొదటిరోజే తెలుసురా నాయనా. కంప్యూటరు వెలిగించడం కూడా రానివాడివి, అక్షరం ఎక్కడ మారుస్తావు? మాస్టారు డబ్బా ఎత్తి చూపించగానే గీత కనబడింది, ఆ పూటే మెకానిక్కి ఫోను చేశాను. వాడు ఇదిగో అదిగో అంటున్నాడు. నువ్వేమో పెళ్ళికొడుకులా మెడ గోక్కుంటుంటే నవ్వు ఆగలేదు. మాస్టారూ నేనూ అనుకునే చేశాం. క్షౌరం అతన్నీ, పాలబ్బాయినీ ఆయనే పంపాడు, నిన్ను మునగచెట్టెక్కించమని. నువ్వే బాగుచెయ్యమని నేను అన్నది కూడా, ఎంతవరకు బుకాయిస్తావో చూద్దామని. చెప్పేస్తావనుకున్నా. కత్తి పట్టుకుంటావనుకోలేదు."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"కొమ్ము వచ్చిందా లేదా అని అదొక్కటే చూశాను. నీ ముఖం చూసి నవ్వుకునే సరదాలో పక్కన చుక్క చూడలేదు. లేబులు చదవకుండా ఇచ్చేశాను, ఇంత చదువు చదివి. టైలరమ్మ, మీ చెయ్యి మీద నమ్మకంతోనే పోశానమ్మా అంటే ఏం చెప్పాలో తెలీలేదు. నువ్వు మెలకువగా ఉన్నప్పుడు ఇదంతా ఏ ముఖంతో చెప్పను? పొద్దున్నే నువ్వు లేస్తే మళ్ళీ నిన్నే కసురుతాను కాబోలు."

బాబాయి గురక ఒక్క క్షణం తడబడింది. మూసిన కళ్ళ వెనక ఏమైందో ఆయనకే తెలియాలి. వీధి వీధంతా తనని ఆడించిందన్నమాట. ఇంకో రోజైతే ఈ పాటికి ఒక కన్ను తెరిచి, అన్నీ విన్నాను వదినా అని లేచి కూర్చుని, చచ్చేదాకా దెప్పి పొడిచేవాడు. ఆ మాట నాలుక మీదకి వచ్చింది కూడా. దాన్ని మింగేసి, పక్కకి తిరిగి, నోరు కాస్త తెరిచి, ఈసారి చివర్లో సన్నటి ఈల కలిపి, అచ్చంగా పాతిక మిల్లీల మందు పడిన మనిషిలా గురక పెట్టాడు.

పాపం వదిన, మరిదికి మెలకువ రాకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి, తలుపు దగ్గరగా వేసింది.